వెనక ఏసీ చల్లగా రావట్లేదా? గ్యాస్ పట్టించే ముందు రెండు పైపులు ముట్టుకొని చూడండి

పాత ఫోర్ బై ఫోర్ బండిలో మే నెల మధ్యాహ్నం వరంగల్ నుంచి రామగుండం పోతుంటే, ముందు సీట్లో వాళ్లు ఏసీ తగ్గించమంటారు, మూడో వరసలో వాళ్లు తువ్వాలతో విసురుకుంటుంటారు. షెడ్డుకు తీసుకుపోతే పదిలో ఎనిమిదిసార్లు వినిపించే మాట ఒకటే: "గ్యాస్ తగ్గింది సార్, పట్టిస్తే అయిపోతది." పట్టిస్తే నాలుగు రోజులు బాగానే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. వెనక ఏసీకి జబ్బులు మూడు రకాలు: గాలి, కరెంటు, గ్యాస్. ఒత్తిడి చూపే గేజ్ తగిలించేది చివర్లో.

ముందుగా మీ బండి ఏ రకమో తేల్చుకోండి. ముందు బ్లోయర్ సున్నాలో పెట్టగానే వెనక గాలి కూడా ఆగిపోతే, వెనక విడిగా ఏమీ లేదు. ముందు కాయిల్ (గాలిని చల్లబరిచే రెక్కల జాలీ) చల్లదనమే డక్టులో వెనక్కి వస్తోంది. అలాంటి బండికి కన్సోల్ కింద ఊడిన డక్టు అతుకు, ముందున్న మురికి ఫిల్టర్ చూసుకుంటే చాలావరకు పని అయిపోతుంది. వెనక బ్లోయర్ తనంతట తాను తిరిగితే బండి కింద వంగి చూడండి. ముందు నుంచి వెనక చక్రం దాకా సన్నది ఒకటి, లావుది ఒకటి, రెండు అల్యూమినియం పైపులు పోతుంటే వెనక సొంత కూలింగ్ కాయిల్, సొంత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్‌ను సన్న రంధ్రంలోంచి కాయిల్‌లోకి వదిలి చల్లబరిచేది) ఉన్నట్టు. సఫారీ, స్కార్పియో, పజెరో లాంటి వాటిలో ఈ అమరిక మోడల్‌ను బట్టి, తయారైన ఏడాదిని బట్టి మారుతుంది కాబట్టి పక్కింటి బండి చూసి అంచనా వేయొద్దు. ఇక్కడి నుంచి చెప్పేదంతా రెండు కాయిళ్ల బండి గురించే.

బండి నీడలో పెట్టి, ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, రెండు బ్లోయర్లూ ఫుల్లు పెట్టి పది నిమిషాలు నడపండి. తర్వాత వెనక యూనిట్ పక్క ట్రిమ్ విప్పి, కాయిల్‌కు వచ్చే రెండు పైపుల మీద చేతి వెనక భాగం ఆనించండి. అరచేయి వద్దు, సన్న పైపు ఎండాకాలంలో చురుక్కుమంటుంది.

లావు పైపు చల్లగా, చెమట పట్టి ఉండి, సన్నది వేడిగా ఉంటే గ్యాస్ పని గ్యాస్ చేస్తోంది. తప్పు గాలిలో ఉంది. రెండూ గోరువెచ్చగా ఉంటే వెనక్కి గ్యాస్ చాలట్లేదు, లేదా రానే రావట్లేదు. సన్న పైపు దారి మధ్యలోనే చల్లబడి ఉంటే ఆ చోటే అడ్డు. తాడ్వాయి వైపు అడవి దారుల్లో తిరిగిన బండ్లకు ఇది మామూలే: రాయి తగిలి పైపు నొక్కుకుపోతుంది. నొక్కుకు ఇవతల, ఇంజిన్ వైపు, చేయి పెట్టనివ్వనంత వేడి, బెత్తెడు అవతల సన్నగా మంచు పొడి. గ్యాస్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాకా రాకుండా ఆ నొక్కు దగ్గరే విప్పారి చల్లబడిపోతోందని అర్థం. అలాంటి బండికి ఎంత గ్యాస్ పట్టినా డబ్బులు దండగే.

గాలి తప్పుల్లో మన దగ్గర మొదటిది దూది. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగు మిల్లుల దారుల్లో తిరిగే బండ్ల కండెన్సర్ (రేడియేటర్ ముందుండి గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) మీద పత్తి పీచు దుప్పటిలా పరుచుకుంటుంది. భూపాలపల్లి, గోదావరిఖని వైపైతే దాని మీద బొగ్గు దుమ్ము కూడా. వెనక కాయిల్‌కు చాలా పాత బండ్లలో ఫిల్టరే ఉండదు, సీటు కార్పెట్ నూగు నేరుగా కాయిల్ మీదికి చేరుతుంది. గాలి పీల్చే జాలీకి బియ్యం బస్తా ఆనించి పెట్టినా అంతే సంగతి. కాయిల్‌ను మెత్తని బ్రష్షుతో, రెక్కలు నిలువుగా ఉన్న దిశలోనే తుడవాలి. కండెన్సర్‌ను రేడియేటర్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడగాలి. ముందు నుంచి ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోయి, కడగకముందే నయమనిపిస్తుంది.

బ్లోయర్ ఫుల్ స్పీడులో తప్ప తిరగకపోతే రెసిస్టర్ (తక్కువ స్పీడులకు కరెంటు తగ్గించే ముక్క) పోయినట్టు. కొత్తది వేసి ఊరుకోవద్దు. దాని ప్లగ్ కరిగి నల్లబడి ఉంటే మోటార్ ఎక్కువ కరెంటు లాగుతోంది, బుష్‌లు ఎండిపోయి ఉంటాయి. అన్ని స్పీడుల్లోనూ నీరసంగా తిరిగితే వోల్టేజి చూడాలి, కానీ ప్లగ్ పీకి కాదు. పీకి చూస్తే పాడైన వైరు కూడా నిండు వోల్టేజి చూపిస్తుంది. ప్లగ్ ఉంచి, మోటార్ తిరుగుతుండగా ప్లగ్ వెనక వైపు నుంచి మీటర్ సూదులు గుచ్చి చూడండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి మోటార్ దగ్గర 11 వస్తే మూడు వోల్టులు దారిలో పోతున్నాయి. ఎక్కువసార్లు దొంగ ఎర్త్ స్క్రూనే: పక్క ట్రిమ్ కింద, తుప్పు పట్టి, రంగు మీదే బిగించి ఉంటుంది. గీకి, మెరిసే లోహం మీద బిగిస్తే పైసా ఖర్చు లేకుండా గాలి తిరిగి వస్తుంది.

ఇక గ్యాస్. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజ్ చూసి "గ్యాస్ ఫుల్లుంది" అనేవాళ్లను నమ్మకండి. ఆర్-134ఏ (ఈ బండ్ల ఏసీ గ్యాస్) 30 డిగ్రీల ఉదయం సుమారు 97 పీఎస్‌ఐ చూపిస్తుంది. లోపల కొంత ద్రవం మిగిలి ఉన్నంత వరకు, నిండుగా ఉన్నా సగమే ఉన్నా అంతే. నడుస్తున్నప్పుడు చూసుకోవాలి. నలభై డిగ్రీల ఎండలో లో సైడ్ (కంప్రెసర్‌కు, అంటే గ్యాస్‌ను నొక్కే పంపుకు, తిరిగొచ్చే లావు పైపు వైపు ఒత్తిడి) 35–50, హై సైడ్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే వైపు ఒత్తిడి) 225–300 పీఎస్‌ఐ మధ్య ఉంటే మామూలే. ఊళ్లో ట్రాఫిక్‌లో వేడి, హైవే ఎక్కగానే చల్లదనం వస్తుంటే గ్యాస్ కంటే ముందు కండెన్సర్ ఫ్యాన్‌ను, విస్కస్ ఫ్యాన్‌ను (వేడెక్కితే జోరందుకునే ఇంజిన్ ఫ్యాన్) అనుమానించండి.

గ్యాస్ తక్కువైతే మొదట ఆకలయ్యేది చాలావరకు వెనక కాయిల్‌కే, అది చిట్టచివర ఉంది కాబట్టి. ముందు బాగుండి వెనక మాత్రమే పోవడానికి ఇదో కారణం. రెండోది వెనక వాల్వ్ మూసుకుపోవడం. రెంటినీ విడదీయాలంటే ముందు బ్లోయర్ ఆపి, వెనకది ఫుల్లు పెట్టి లో సైడ్ చూడండి. అది సున్నా వైపు జారుతూ, వెనక వాల్వ్ ఒంటి మీద మాత్రమే మంచు కడితే వాల్వ్ పోయింది. కొన్ని బండ్లలో వెనక సన్న పైపుకు సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) ఉంటుంది. వెనక స్విచ్ వేసినప్పుడు దాని తీగచుట్ట అయస్కాంతంలా స్క్రూడ్రైవర్ మొనను లాగకపోతే ముందు దాన్ని చూడండి.

వాల్వ్ తెరిచే ఉండిపోతే కథ తిరగబడుతుంది. లో సైడ్ పెరుగుతుంది, ముందు కూడా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ దాకా లావు పైపంతా చెమట పడుతుంది. వాల్వ్ మార్చేముందు దాని బల్బ్ చూడండి. సన్నని రాగి తీగ చివర, వేలి కణుపంత బల్బ్, లావు పైపుకు పట్టీతో కట్టి, పైన నల్ల ఇన్సులేషన్ చుట్టి ఉండాలి. ఎవరో పాత పనిలో ఆ చుట్టు పీకేసి వదిలేస్తే, బల్బ్‌కు వేడి గాలి తగిలి వాల్వ్‌ను అవసరానికి మించి తెరిపిస్తుంది. పైపు తుడిచి, బల్బ్‌ను పై వైపున గట్టిగా కట్టి, మళ్లీ చుట్టండి.

అరగంట చల్లగా వచ్చి, ఆగిపోయి, కాసేపు ఆపితే మళ్లీ వచ్చే బండ్లు మనిషిని పిచ్చెక్కిస్తాయి. ఆగినప్పుడు వెంట్ దగ్గర చేయి పెట్టండి. గాలి జోరు కూడా తగ్గితే కాయిల్ మీద మంచు గడ్డకట్టింది, థర్మోస్టాట్ (కాయిల్ మరీ చల్లబడితే ఆపేది) చూసుకోవాలి. గాలి జోరు అలాగే ఉండి వేడెక్కితే లోపలి తేమ వాల్వ్ రంధ్రంలో గడ్డకట్టింది. డ్రయర్ (తేమ పీల్చే డబ్బా) మార్చి, వాక్యూమ్ (పంపుతో లోపలి గాలి, తేమ తీసేయడం) బాగా లాగాలి.

లీకు వెతికేటప్పుడు జిడ్డు మీద అంటిన మట్టిని చూడండి. వెనక చక్రం దగ్గరి అతుకు, పైపును పట్టే ఇనుప క్లిప్పుల కింద భాగం ముఖ్యం. పొలం బురద అక్కడ నెలల తరబడి తడిగా ఉండి, ఇనుము తగిలిన చోట అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆర్గాన్ వెల్డింగ్‌తో మూయొచ్చు గానీ, తిన్న పైపు రెండంగుళాల అవతల మళ్లీ కారడం ఖాయం. ఆ ముక్క మార్చడమే నయం. రబ్బరు ట్యూబు తొడిగి మామూలు క్లిప్పు బిగించే పని ఒప్పుకోవద్దు, క్రింప్ చేసిన (చివర లోహపు పట్టీని మెషిన్‌తో నొక్కి బిగించిన) హోసే కావాలి. పరీక్షకు నైట్రోజన్ వాడాలి, 150 పీఎస్‌ఐ చాలు. టైర్లకు కొట్టే గాలి లోపలికి తేమ తీసుకుపోతుంది, పైగా ఆర్-134ఏతో ఒత్తిడిలో కలిస్తే అంటుకునే ప్రమాదం ఉంది. వంట గ్యాస్ కలిపి చవకగా పట్టించే షెడ్డు కనిపిస్తే ఇంజిన్ ఆపకుండానే వెనక్కి తిప్పండి.

ఏ అతుకు విప్పినా ఆర్-134ఏకు సరిపడే కొత్త ఓ-రింగే (అతుకులో వేసే రబ్బరు వలయం) వేయాలి, నూనె రాసి. వాక్యూమ్ కనీసం 45 నిమిషాలు లాగి, పంపు ఆపి 20 నిమిషాలు సూది కదలకుండా ఉందో లేదో చూడాలి. గ్యాస్‌ను తూకం వేసి, బానెట్ కింది స్టిక్కర్ మీదున్నంతే పట్టాలి. ఒక్క కాయిల్ బండికి సాధారణంగా 500–700 గ్రాములు పడితే, రెండు కాయిళ్లదానికి కిలో దాటవచ్చు. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే సర్వీస్ మాన్యువల్ దొరికేదాకా ఆగండి, పక్క బండి లెక్క తేవద్దు.

వెనక ఏసీ అవసరమే లేదనుకుంటే రెండు పైపులనూ ముందు చీలే చోటే మూయించండి. వెనక కాయిల్ దగ్గర మూస్తే పైపు పొడవునా కంప్రెసర్ నూనె పేరుకుంటుంది. మూయించాక గ్యాస్ కూడా తగ్గించి పట్టాలి, లేదంటే హై సైడ్ ఎగబాకుతుంది. వాడుకునేవాళ్లు మాత్రం చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు వెనక స్విచ్ వేయండి, వెనక చేరిన నూనె కంప్రెసర్‌కు తిరిగొస్తుంది.