కెమెరా కంటే ముందు దుకాణాన్ని పరీక్షించాను

ఒక మిర్రర్‌లెస్ కెమెరా బాడీ (లెన్స్ లేకుండా కెమెరా మాత్రమే) కోసం వెతుకుతుంటే అన్ని సైట్లలోనూ ఇంచుమించు ఒకే ధర కనిపించింది, ఒక్కచోట మాత్రం 12 శాతం తక్కువ. అక్కడే ఆగాను. కొత్త మోడల్ మీద డీలర్‌కు మిగిలేది తక్కువ, అందుకే అధీకృత డీలర్ల ధరలు దాదాపు పక్కపక్కనే ఉంటాయి. పది పదిహేను శాతం తగ్గిందంటే గ్రే మార్కెట్ సరుకని, అంటే కంపెనీ అధీకృత దారిలో రాని సరుకని, అనుమానించాలి. సగానికి సగం తగ్గిందంటే ఆ సైటు దగ్గర కెమెరాయే ఉండకపోవచ్చు. ఈ రెండు ప్రమాదాలూ వేరు, పరీక్షలూ వేరు. చాలామంది మొదటిది చూసుకుని రెండోది మరిచిపోతారు.

ముందు, దుకాణం నిజంగా ఉందా అన్నది. దీనికి సైటు తన గురించి తాను రాసుకున్నదేదీ పనికిరాదు. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉంటే కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అయిందని మాత్రమే అర్థం. దానికి కావాల్సిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగానే ఇస్తుంది, మోసగాడికీ నిమిషాల్లో దొరుకుతుంది. జనం దాన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మను మార్చేసింది.

ఇంటర్నెట్‌లో డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో ఆ సైటు డొమైన్ పేరు కొట్టాను. యజమాని వివరాలు దాచి ఉన్నాయి. అది మామూలే, దాన్ని తప్పు పట్టక్కర్లేదు. చూడాల్సింది డొమైన్ నమోదైన తేదీ. ‘ఇరవై ఏళ్లుగా మీ సేవలో’ అని రాసుకున్న సైటు నాలుగు నెలల కిందట నమోదై ఉంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. నేను చూస్తున్నది తొమ్మిదేళ్ల నాటిది. అయినా తృప్తి పడలేదు, ఎందుకంటే గడువు తీరిన పాత డొమైన్లను కొని దుకాణం తెరిచేవాళ్లున్నారు. సైట్ల పాత పేజీల కాపీలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో ఏడాదికొక పేజీ చొప్పున తెరిచి చూస్తే అన్నిట్లోనూ కెమెరాలే, అదే ఫోన్ నంబరు. మధ్యలో హఠాత్తుగా వేరే వ్యాపారం, వేరే భాష కనిపించి ఉంటే వదిలేసేదాన్ని.

తర్వాత రిటర్న్ పాలసీలోంచి ఒక పొడవాటి వాక్యాన్ని కోట్స్‌లో పెట్టి వెతికాను. నకిలీ సైట్లు పుట్టేది గుంపులుగా. అదే పేరా, అదే ఈమెయిల్ చెప్పుల సైట్లోనూ సోఫాల సైట్లోనూ తేలితే సంగతి తెలిసిపోతుంది. అడ్రస్‌నూ అలాగే మ్యాప్‌లో చూసుకోవాలి.

రివ్యూల్లో నక్షత్రాలు లెక్కపెట్టను, తేదీలు చూస్తాను. ఒకే వారంలో వచ్చిపడ్డ పొగడ్తలకు విలువ లేదు. తక్కువ రేటింగ్‌లు ముందు వచ్చేలా పెట్టుకుని ఫిర్యాదు ఏ రకమో చదవాలి. పార్సిల్ ఆలస్యమవడం ఎక్కడైనా ఉంటుంది. ‘ఆర్డర్ కన్ఫర్మ్ చేయాలంటూ ఫోన్ చేశారు, బ్యాటరీ, ఛార్జర్ విడిగా కొనమన్నారు, వద్దంటే స్టాక్ లేదన్నారు’ అన్న ఫిర్యాదు రెండుసార్లు కనిపించినా ఆ దుకాణం జోలికి పోకూడదు. తక్కువ ధర చూపి లోపలికి లాగి, కంపెనీ బాక్సులో ఉండాల్సిన వస్తువులనే తీసి అమ్మే పాత పద్ధతి అది.

ఇక్కడిదాకా సైటు నిలబడింది. ఇక రెండో ప్రశ్న, సరుకు ఎక్కడిది? పేజీ అడుగున ‘అధీకృత డీలర్’ బ్యాడ్జి ఉంది, కానీ అది ఎవరైనా అతికించుకోగలిగిన బొమ్మ. కంపెనీ సైటు చిరునామా నేనే టైపు చేసి డీలర్ల జాబితా తెరిచాను. ఆ పేరు లేదు. దుకాణానికి మూడు ప్రశ్నలు రాశాను: వారంటీ ఇచ్చేది తయారీ కంపెనీయా, మీరా? బాక్సులో ఏమేం ఉంటాయి? బిల్లు మీద సీరియల్ నంబరు వేస్తారా? ‘ఒక ఏడాది స్టోర్ వారంటీ’ అని జవాబొచ్చింది. విషయం తేలిపోయింది. దుకాణం నిజమైనదే, సరుకు గ్రే మార్కెట్‌ది.

గ్రే మార్కెట్ అంటే నకిలీ కాదు, ఒక దేశం కోసం తయారైన అసలు కెమెరాను ఇంకో దేశంలో అమ్మడం. చిక్కు తర్వాత వస్తుంది. అమెరికాలో నికాన్ అలాంటి బాడీలను డబ్బు తీసుకుని కూడా రిపేర్ చేయదు. జపాన్ దేశీయ మార్కెట్‌కు సోనీ తెచ్చిన బాడీల్లో చాలావాటికి మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చుకునే వీలుండదు. మిగిలే 12 శాతం నిజానికి వారంటీ ఖరీదు. షట్టరూ సెన్సరూ ఉన్న బాడీకి ఆ బేరం నాకు నచ్చలేదు. జాబితాలో పేరున్న డీలర్ దగ్గరే తీసుకున్నాను.

డబ్బు క్రెడిట్ కార్డుతోనే కట్టాను, తేడా వస్తే బ్యాంకు ద్వారా వివాదం లేవనెత్తే దారి ఉంటుంది. బ్యాంకు బదిలీయో క్రిప్టోయో కావాలని పట్టుబట్టే చోట బేరం మానేయాలి. ట్రాకింగ్ ‘డెలివర్డ్’ అన్నా సరిపోదు. కొందరు మోసగాళ్లు మీ ఊళ్లోనే వేరే ఇంటికి ఖాళీ కవరు పంపి, ఆ నంబరునే సాక్ష్యంగా చూపి వివాదం గెలుస్తారు. అలాంటప్పుడు ఏ చిరునామాకు ఇచ్చారో, బరువెంతో కొరియర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి.

పార్సిల్ వచ్చాక కత్తి పెట్టకముందే వీడియో మొదలుపెట్టాను. లేబుల్, టేపు, సీలు, బాక్సు మీది సీరియల్ నంబరు, బాడీ అడుగున ఉన్న నంబరు, బిల్లు మీది నంబరు, అన్నీ ఆపకుండా ఒకే షాట్‌లో. మూడు నంబర్లూ కలిశాకే బ్యాటరీ వేశాను.