ఉన్ని శాలువాకు అంటుకున్న మొక్క

న్యూజెర్సీలో మా ఇంటి వెనుక వాగు వెంబడి అక్టోబరు చివరలో నడిచి వచ్చేసరికి, నా ఉన్ని శాలువా అంచున గోధుమరంగు ఉండలు పదకొండు అంటుకుని ఉన్నాయి. చిన్నప్పుడు లంగాకు పట్టిన ఉత్తరేణి గింజలను ఏరుకున్న అలవాటుతో ఒకదాన్ని పట్టి లాగితే, ఉండ చేతిలోనే విచ్చిపోయి, సగం కొక్కేలు శాలువాలోనే మిగిలిపోయాయి. అది చిన్న బర్డాక్; శాస్త్రీయ నామం ఆర్క్టియం మైనస్.

పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన ఈ మొక్క ఐరోపా నుంచి ఉత్తర అమెరికాకు వచ్చి, దారుల పక్కన, పశువుల మేత భూముల్లో, తవ్వి వదిలేసిన నేలల్లో స్థిరపడింది. సాధారణంగా దీని ఆయుష్షు రెండేళ్లు. మొదటి ఏడాది కాండం పైకి లేవదు. చేమాకులను తలపించే పెద్ద ఆకులు నేల మీద గుత్తిగా పరుచుకుంటాయి, అడుగున తల్లివేరు లోతుకు దిగుతూ ఇన్యులిన్ అనే పదార్థాన్ని కూడబెట్టుకుంటుంది. ఆ నిల్వతోనే తరువాతి ఏడాది మనిషెత్తు కాండం లేచి, ఊదారంగు పూలు పూసి, విత్తనం పట్టాక మొక్క మొత్తం ఎండిపోతుంది. పెద్ద బర్డాక్ నుంచి దీనిని గుర్తుపట్టడానికి కింది ఆకు కాడను కోసి చూస్తే చాలు: దీనిది గుమ్మడి ఆకు కాడలా బోలుగా ఉంటుంది, దానిది గట్టిగా నిండుగా ఉంటుంది.

మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి అనేక చిన్న పూల గుంపు. ఆ గుంపు చుట్టూ వరుసలుగా అమరిన పుచ్ఛాలు అనే సన్నని ఆకుల్లాంటి భాగాలలో ప్రతిదాని కొనా, భూతద్దంలో చూస్తే, చింతకాయలు దించే దోటి కొక్కెంలా లోపలికి వంగి ఉంటుంది. ఎండిన తరువాత జంతువు రాసుకుపోతే ఉండ ఉండగానే ఊడి, లోపలి విత్తనాలతో సహా ప్రయాణం కడుతుంది. 1941లో జార్జ్ డి మెస్ట్రల్ అనే స్విస్ ఇంజనీరు తన కుక్క బొచ్చుకు పట్టిన బర్డాక్ కాయలను సూక్ష్మదర్శినిలో చూసి, నొక్కితే అతుక్కుని లాగితే ఊడివచ్చే వెల్‌క్రో పట్టీకి దారి వేసుకున్న కథ అందరికీ తెలిసినదే. అదే కొక్కేలకు చిక్కి చిన్న పిట్టలు, గబ్బిలాలు విడిపించుకోలేక చనిపోతాయన్నది మాత్రం ఎవరూ అంతగా చెప్పుకోరు. అందుకే మా కంచె పక్కన మొలిచిన వాటిని పూలు వాడకముందే కోసేస్తున్నాను.

వేరు మీద మాత్రం నాకు కోపం లేదు. జపానువారు పెద్ద బర్డాక్‌ను సాగు చేసి, దాని వేరును గోబో అని వండుకుంటారు. కొరియా దుకాణంలో దొరికిన గోబోను సన్నగా తరిగితే, అరటికాయ ముక్కల్లాగే క్షణాల్లో నల్లబడింది; నీళ్లలో వేసి, తరువాత నువ్వులు, ఎండుమిర్చితో వేయించాను. కాస్త మట్టి వాసన, కాస్త తీపి, పంటికింద కరకర.

శాలువా నుంచి చెక్కుచెదరకుండా వచ్చిన మూడు ఉండలను గాజు సీసాలో వేసి ఉంచాను. మరునాడు చూస్తే మూడూ ఒకదానికొకటి పట్టుకుని ఒకే ముద్దగా ఉన్నాయి.