మెమరీ కార్డు ఎక్కించే అంగళ్ళకు ఒక మాట
కడపలో మెమరీ కార్డుల్లో సినిమాలు ఎక్కించే అంగళ్ళవాళ్ళు భారతీయ న్యాయ సంహిత (పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన నేర చట్టం) 295వ సెక్షన్ తెలుసుకోవాలి. 18 ఏళ్ళలోపు వాళ్ళకు అశ్లీల సరుకు అమ్మినా, అద్దెకిచ్చినా, చూపించినా మొదటిసారి 3 ఏళ్ళ దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. మళ్ళీ దొరికితే 7 ఏళ్ళు, 5,000. పాత శిక్షాస్మృతిలో ఈ వయసు 20. పిల్లోడి వయసు మీద అనుమానముంటే ఎక్కించొద్దు, అంతే.

ఈ కట్టడి నాకు సమ్మతమే. భయమంతా దాన్ని పుస్తకాల మీదికి సాగదీస్తారనే. 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనం’ మీద తెల్లదొరల నిషేధం 1947 దాకా పోలేదు! అశ్లీల సరుకు అమ్మకం మీదున్న 294వ సెక్షన్‌లో సాహిత్యం, శాస్త్రం, కళ, గుడి శిల్పాలకు మినహాయింపుంది. 2014లో అవీక్ సర్కార్ కేసులో (పత్రికలో అచ్చయిన నగ్న ఫోటో మీది కేసు) సుప్రీంకోర్టు కూడా ఒక్క బొమ్మను పట్టుకోకుండా, సందర్భమంతా చూసి, నేటి సమాజం కొలతతో తేల్చాలంది. శరీరధర్మం చెప్పే పుస్తకాన్ని లైబ్రరీ నుంచి తీసేయమని ఎవరైనా గద్దిస్తే, ఏ సెక్షన్ కిందో కాగితం మీద రాసిమ్మనండి.