నికోడెమస్‌కి పిల్లల్ని తీసుకెళ్లాం

మేముండేది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, కాన్సస్ సిటీ శివార్లలో. మా పిల్లలకి పల్లె అంటే సెలవుల్లో వెళ్లే అనంతపురం జిల్లాలోని మా ఊరే. తాము పెరుగుతున్న రాష్ట్రంలోనూ ఒక పల్లెను దగ్గరగా చూడాలని నాకు గట్టిగా ఉండేది. అందుకు ఎంచుకున్న ఊరు గ్రాహం కౌంటీలోని నికోడెమస్. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ ఇరవై మంది కూడా లేరు. మేయర్ లేడు, మునిసిపాలిటీ లేదు. మంచిచెడ్డలన్నీ టౌన్‌షిప్ (కౌంటీలో ఒక చిన్న పాలనా విభాగం), కౌంటీ చూసుకుంటాయి. అయినా 1996 నుంచి అది జాతీయ చారిత్రక స్థలం.

కథ తెలియకుండా తీసుకెళితే పిల్లలకి అక్కడ నాలుగైదు పాత కట్టడాలు తప్ప ఏమీ కనిపించవు. అందుకని వారం ముందు నుంచే రాత్రిపూట కొంచెం కొంచెంగా చెప్పాం. 1877లో, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు సొంత భూమి కోసం కెంటకీ నుంచి బయల్దేరాయి. ఎల్లిస్ అనే ఊరి దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి నడిచాయి. తీరా చేరితే ఇళ్లు లేవు, కలప లేదు. నేలలో గుంతలు తవ్వుకుని వాటిలోనే కాపురాలు పెట్టారు. మరుసటి ఏడాది వచ్చిన విలియానా హిక్మన్ అనే ఆమె ఊరెక్కడని అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగలు చూపించాడట. ఆమెకి ఏడుపొచ్చేసింది.

"ఏడ్చి వెనక్కి వెళ్లిపోయిందా అమ్మా?" అని మా చిన్నోడు అడిగాడు. లేదు నాన్నా, చాలా ఏళ్లు అక్కడే ఉంది అన్నాను. ఆ తర్వాత రోజూ వాడే కథ అడిగేవాడు. మొదటి చలికాలం తిండికి కటకటలాడుతుంటే, వేట నుంచి తిరిగొస్తున్న ఓసేజ్ తెగవాళ్లు తమ ఆహారంలోంచి పంచిపెట్టారన్న ముక్క మా అమ్మాయికి బాగా పట్టింది.

జూలై చివరి వారాంతం చూసుకుని వెళ్లాం. ఊరు వదిలి వెళ్లినవాళ్ల పిల్లలు, మనవలు ఏటా అప్పుడే హోమ్‌కమింగ్‌కి తిరిగొస్తారు. మామూలు రోజుల్లో కట్టడాలే చూస్తాం, ఈ రోజుల్లో మనుషుల్ని కలుస్తాం. నా మటుకు పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇదే సరైన సమయం. తిండి, నీళ్లు, పెట్రోలు దారిలో హేస్‌లోనే చూసుకున్నాం. అక్కడి నుంచి స్టాక్టన్ మీదుగా వెళ్తుంటే రోడ్డు పక్కన జొన్నచేలు. అవ్వ చేసే రొట్టె వీటితోనే అని చూపిస్తే పిల్లలిద్దరూ కారు ఆపమన్నారు. అమెరికాలో జొన్న ఎక్కువగా పండించే రాష్ట్రం కాన్ససే.

1939లో సున్నపురాయితో కట్టిన టౌన్‌షిప్ హాల్లో సందర్శకుల కేంద్రం ఉంది. టికెట్ లేదు. పిల్లలు చూస్తూ నింపే జూనియర్ రేంజర్ పుస్తకం ఇచ్చారు. దాన్ని నింపడం కోసం పిల్లలు ఒక్కో కట్టడం దగ్గరా ఆగి చూశారు. చర్చి, పాత బడి, ఒకప్పటి హోటల్. ఇళ్లవైపు మాత్రం వెళ్లొద్దని ముందే చెప్పి ఉంచాం. అవి జనం కాపురముంటున్న ఇళ్లు. ఎవరి ఫొటో అయినా అడిగే తీశాం.

నీడలో కూర్చున్న ఒక పెద్దావిడకి నమస్కారం చెప్పి మాట కలిపాం. ఆవిడ పూర్వీకులు ఆ మొదటి గుంపుల్లో వచ్చినవాళ్లే. ఇంతమంది ఎందుకు వెళ్లిపోయారని మా అమ్మాయి అడిగింది. 1888లో రైలుమార్గం ఊరికి రాకుండా నదికి అవతలి నుంచి పోయిందని, దుకాణాలన్నీ దాని వెంటే వెళ్లిపోయాయని ఓపిగ్గా చెప్పారు. తర్వాత కరువులు. "మరి మీరెందుకు ప్రతి ఏడాదీ వస్తారు?" అంది ఇది. ఇక్కడే కదమ్మా మా భూమి, మావాళ్లంతా ఇక్కడే ఉన్నారు అంటూ స్మశానం ఉన్న వైపు చూపించారు.

తిరిగొచ్చాక మా అమ్మాయి ఇండియాకి ఫోన్ చేసి, మన ఊరు ఎవరు కట్టారు, ఎక్కడి నుంచి వచ్చారు అని వాళ్ల తాతని అడగడం మొదలుపెట్టింది. ఆయన చెప్పినవి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటోంది.