కాగితం మీద కుట్టిన నక్క

స్నేహితురాలి బాబుకి నా చేత్తో చేసిందేదైనా ఇవ్వాలని చిన్న క్విల్ట్ (గుడ్డ ముక్కలు అతికి, మధ్యలో దూది పరిచి కుట్టే దుప్పటి) మొదలుపెట్టాను. రెండడుగుల చదరం, మధ్యలో నక్క మొహం, చుట్టూ బోర్డర్. నక్కని ఎంచుకున్నది ముద్దుగా ఉంటుందని మాత్రమే కాదు. పేపర్ పీసింగ్‌లో, అంటే కాగితం మీది గీతల వెంట గుడ్డ ముక్కలు అతికే పద్ధతిలో, కుట్లన్నీ తిన్నటి గీతల మీదే పడతాయి, వంపులు తిరగవు. నిక్కబొడుచుకున్న చెవులు, కోసుగా దిగే మూతి ఉన్న నక్కకి ఆ గీతలు చాలు. అదే ఏ ఎలుగుబంటో అయితే ఆ గుండ్రటి మొహం కోసం సన్న సన్న ముక్కలు బోలెడు అతకాలి.

ఇందులో బొమ్మని గీతలుగా కాగితం మీద ప్రింట్ తీసుకుంటాం. ప్రతి గడికీ ఒక అంకె ఉంటుంది. గుడ్డ ముక్కల్ని కాగితానికి గీతల్లేని వైపు పెట్టి, మిషన్ మీద గీతలు పైకి కనబడేలా తిప్పి, సరిగ్గా గీత మీదే కుట్టుకుంటూ పోవాలి. అంకెల వరస తప్పకూడదు. ముక్కలు విడివిడిగా కొలిచి కత్తిరించి కుడితే ఇంత సన్నటి మొనలు రావడం కష్టం. ఇక్కడ ఆ లెక్కంతా కాగితం చూసుకుంటుంది, కాకపోతే మనం అంతా తిరగేసి ఆలోచించాలి. గుడ్డ అవతలి వైపు ఉంటుంది కాబట్టి, పూర్తయిన బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది. నా నక్క చెవుల్లో ఒకటి కొంచెం వంగి ఉంది. అది ఏ వైపు రావాలో ముందే చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

ప్రింట్ తీసేటప్పుడు, బొమ్మ సైజుని పేజీకి తగ్గట్టు మార్చేసే ‘ఫిట్ టు పేజ్’ తీసేయాలి. మంచి నమూనాల్లో ఓ మూల అంగుళం చదరం గీసి ఉంటుంది, స్కేలుతో అది కొలిచాకే మిగతా పేజీలు తీయడం మేలు. మొహం 12 అంగుళాలు, ఏ4 కాగితం వెడల్పేమో 8.27 అంగుళాలు. అందుకే ఇలాంటివి ఏ, బీ, సీ అని భాగాలుగా ఇస్తారు. దేనికది కుట్టి, చివర్లో కలపాలి.

మిషన్‌కి 90 నంబర్ సూది ఎక్కించి, కుట్టు పొడవు 1.5 మిల్లీమీటర్లకి తగ్గించాను. చిన్న కుట్లతో కాగితానికి దగ్గర దగ్గరగా చిల్లులు పడి తర్వాత సులువుగా చిరుగుతుంది. కాకపోతే అంత చిన్న కుట్టు విప్పాల్సి వస్తే మాత్రం నరకమే.

మొదటి ముక్క తిరగ వైపు కాగితానికి ఆనేలా పెట్టి గుండుసూది గుచ్చుతాం. వెలుతురుకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే, గడి దాటి చుట్టూ పావు అంగుళం గుడ్డ ఉందో లేదో నీడలా కనిపిస్తుంది. రెండోది దాని మీద మంచి వైపులు ఎదురెదురుగా పెట్టాలి. ఇక్కడే అందరికీ టెన్షన్: కుట్టి తిప్పాక ఆ ముక్క తన గడిని మొత్తం కప్పుతుందా? నేను కుట్టకముందే గీత వెంబడి గుండుసూదులు గుచ్చి, ముక్కని తిప్పి, మళ్లీ వెలుతురులో చూసేదాన్ని. సరిపోతే వెనక్కి మడిచి కుట్టడమే. గీత మొదట్లోనూ చివర్లోనూ దాన్ని దాటి రెండేసి కుట్లు ఎక్కువే వేయాలి. తర్వాత కాగితాన్ని గీత దగ్గర మడిచి, పావు అంగుళం వదిలి మిగతా గుడ్డ కత్తిరించి, ముక్క తెరిచి ఇస్త్రీ చేయాలి. ఆవిరి పెట్టకూడదు, కాగితం ముడుచుకుపోతుంది.

చిన్నా చితకా ముక్కలన్నీ వాడేయొచ్చని ఈ పద్ధతి గురించి గొప్పగా చెబుతారు. నిజమే, కానీ కత్తిరించి పారేసేదీ తక్కువేం కాదు. ముక్క దగ్గర పిసినారితనం అస్సలు పనికిరాదు. చారల గుడ్డల జోలికీ పోలేదు, ఒక్కో గడిలో చార ఒక్కో దిక్కుకి పోతుంది. సాదా నారింజ, సన్న చుక్కల గోధుమ రంగు, బుగ్గలకి తెలుపు తీసుకున్నాను. తెల్ల గుడ్డ వెనక నారింజ అంచు తొంగిచూస్తుంది కాబట్టి అక్కడ ముదురు ముక్కని తెల్లదానికంటే ఓ పిసరు తగ్గించి కత్తిరించాను.

అన్నిటికంటే ఓపిక కావాల్సింది ముక్కు దగ్గర. మూడు భాగాలు అక్కడే కలుస్తాయి, నూలు పోగంత జరిగినా నక్క మూతి వంకరపోతుంది. మూలకి మూల ఎదురయ్యేలా గుండుసూది నిటారుగా దించి, ముందు ఆ కాస్త మేర పొడుగు కుట్టుతో కచ్చాగా వేసి, తెరిచి చూసుకున్నాక అసలు కుట్టు వేశాను. లావు కాకుండా అక్కడి అంచుల్ని రెండు పక్కలకీ విడదీసి ఇస్త్రీ చేశాను.

బోర్డర్ అతికేదాకా కాగితం తీయలేదు. క్రాస్‌గా పడ్డ ముక్కల అంచులు సాగకుండా పట్టి ఉంచేది అదే. తర్వాత కూర్చుని చించడమే. మూలల్లో ఇరుక్కున్న తునకల్ని పట్టకారుతో లాగాను. ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన పని ఇదే.

కళ్లకి బొత్తాలు పెట్టలేదు, పసివాడు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. నల్లదారంతో ఎంబ్రాయిడరీ చేశాను. పల్చటి దూది షీటు, కింద గుడ్డ పరిచి, పిన్నీసులతో పట్టించి, అతుకుల వెంబడి మిషన్ కుట్టు వేశాను. చుట్టూ రెండున్నర అంగుళాల పట్టీని రెండు మడతలు చేసి తిప్పాను, వెనక వైపు మాత్రం చేత్తో హెమ్మింగే.

ఇచ్చేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పాను: ఏడాది నిండేదాకా బాబు పడుకున్నప్పుడు ఇది ఉయ్యాల్లో ఉండకూడదు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. అందుకే వెనక పై అంచున గొట్టంలా ఓ పట్టీ కుట్టాను, సన్న కర్ర దూర్చి గోడకి తగిలించుకోవడానికి. వాడు కాస్త పెద్దయ్యాక ఆ పట్టీ విప్పేసి నేల మీద పరుచుకోవచ్చు.