ల్యాప్‌టాప్ ఛార్జర్ పిన్ను మరమ్మతు

ల్యాప్‌టాప్ ఛార్జర్ వైరు సాధారణంగా మధ్యలో తెగదు. పిన్ను మొదట్లో, మాటిమాటికీ వంగే చోటనే లోపలి రాగి పోగులు విరుగుతాయి. నా ఛార్జర్‌ను సాకెట్ నుంచి తీసి, దెబ్బతిన్న భాగాన్ని కోసి చూస్తే, నడుమ తొడుగున్న తీగ, దాని చుట్టూ అల్లుకుని మరో తీగ కనిపించాయి. చాలావాటిలో నడిమిది పాజిటివ్, చుట్టూ ఉన్నది నెగటివ్. అయినా వోల్టేజీని, దాని దిశను కొలిచే మల్టీమీటర్‌తో సరిచూడకుండా కొత్త పిన్ను అతికించకూడదు, ఎందుకంటే 19 వోల్టులు తారుమారుగా అందితే మదర్‌బోర్డే పోవచ్చు. లోహాన్ని కరిగించి తీగలను అతికించే సోల్డరింగ్ కన్నా ఈ సరిచూడటమే అసలు పని. కొన్ని కంపెనీల పిన్నుల్లో మూడో సన్నని తీగ కూడా ఉంటుంది. అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు తెలిపేది అదే కనుక, దాన్ని వదిలేస్తే బ్యాటరీ ఛార్జ్ కాకపోవచ్చు. అతుకును కప్పడానికి వాడే, వేడికి ముడుచుకునే గొట్టాన్ని మాత్రం ముందే వైరుకు తొడిగి ఉంచుకోవాలి. సోల్డరింగ్ అయ్యాక అది పిన్ను మీదుగా ఎక్కదు.