క్యాన్సర్ మందుల చాప్టర్‌ని నేను చదివిన తీరు: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), వీఏఎస్ (వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్) పరీక్షలు రాసేవాళ్లకు

వెటర్నరీ ఫార్మకాలజీలో ఇమ్యునోసప్రెసెంట్లు (రోగనిరోధక శక్తిని అణిచే మందులు), క్యాన్సర్ మందులు సిలబస్ చివర్లో వస్తాయి. అందుకే రివిజన్‌లో ముందు వేటు పడేది వాటి మీదే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దయచేసి ఆ పని చేయొద్దు. మందుల జాబితా బట్టీపట్టే బదులు ఏ మందు ఏ జంతువుకు ప్రమాదమో పట్టుకుని చదివితే ఈ చాప్టర్ అంతా మనసులో నిలుస్తుంది. ప్రశ్న పేపర్లో అడగడానికీ, రేపు ఆసుపత్రిలో మన చేతికి రావడానికీ పనికొచ్చేది అదే.

నేను కావలిలో ఇంటి దగ్గరే ఉండి చదివాను. గోడకి ఒక చార్టు అతికించి పిల్లికి, కుక్కకి, పశువుకి వేరువేరు గడులు గీశాను. ముందు నిండింది పిల్లి గడి. సిస్‌ప్లాటిన్ ఇస్తే పిల్లికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం పోతుంది. 5-ఫ్లోరోయురాసిల్ నాడీ మండలాన్ని దెబ్బతీస్తుంది. చర్మానికి రాసే క్రీమ్ రూపంలో కూడా వాడకూడదు. ఇమ్యునోసప్రెసెంట్ అయిన అజాథయోప్రిన్‌ని విరగ్గొట్టే టీపీఎంటీ ఎంజైమ్ పిల్లిలో తక్కువ కాబట్టి ఎముక మజ్జ కుదేలవుతుంది. దాని బదులు క్లోరాంబ్యుసిల్ వాడతారు. డాక్సోరుబిసిన్ కుక్కలో గుండెను, పిల్లిలో కిడ్నీని పాడుచేస్తుంది. జతపరచండి అనే ప్రశ్నకు ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

కుక్క గడిలో సైక్లోఫాస్ఫమైడ్‌ని పెద్ద అక్షరాలతో రాసుకోండి. దాని నుంచి పుట్టే అక్రోలీన్ మూత్రాశయం గోడను కాల్చి రక్తమూత్రం తెప్పిస్తుంది. అందుకే పొద్దున్నే ఇచ్చి, నీళ్లు బాగా తాగనిచ్చి, మాటిమాటికీ బయటికి తిప్పమంటారు. విరుగుడు మెస్నా. కోలీ జాతి కుక్కల్లో ఏబీసీబీ1 జీన్ (మందుల్ని కణాల నుంచి బయటికి పంపే జీన్) లోపం ఉంటే విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్, పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ మూడూ ప్రమాదమే. ఈ మూడింటినీ కలిపే గుర్తుపెట్టుకోండి. ఇమ్యునోసప్రెసెంట్ అయిన సైక్లోస్పోరిన్‌తో ఫంగస్ మందు కీటోకొనజోల్ ఇస్తే లివర్‌లో సైక్లోస్పోరిన్ విచ్ఛిన్నం తగ్గి రక్తంలో స్థాయి పెరుగుతుంది. చిగుళ్లు వాయడం కూడా సైక్లోస్పోరిన్ గుర్తే.

నాకు బాగా ఇష్టమైన మందు విన్‌క్రిస్టిన్. మన పెరట్లో, స్మశానాల పక్కన పూసే బిళ్లగన్నేరు నుంచే అది వస్తుంది. ట్యుబులిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని కణ విభజనను ఎం దశలో, అంటే కణం రెండుగా చీలే దశలో ఆపేస్తుంది. ఊళ్లలో వీధికుక్కలకు జననాంగాల దగ్గర కాలీఫ్లవర్‌లా పెరిగి రక్తం కారే టీవీటీ (జతకట్టినప్పుడు అంటుకునే క్యాన్సర్) గడ్డలు మీరు చూసే ఉంటారు. వాటికి కిలోకు 0.025 మి.గ్రా. చొప్పున వారానికొకసారి సిరలోకి ఇస్తే, చాలా కేసుల్లో నాలుగైదు డోసులకే గడ్డ కరిగిపోతుంది. ఇంటర్న్‌షిప్‌లో ఇది కళ్లారా చూశాక ఆ పేరాలో ఒక్క అక్షరం కూడా మర్చిపోలేదు. ఒకటి మాత్రం జాగ్రత్త: సిర బయటికి చుక్క జారినా కండ కుళ్లి ఊడుతుంది. కొత్తగా, శుభ్రంగా పెట్టిన క్యాథెటర్ నుంచే ఇవ్వాలి. కండలోకి ఎప్పుడూ ఇవ్వకూడదు. ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియాలో (శరీరమే తన ప్లేట్‌లెట్లను నాశనం చేసుకునే జబ్బు) ప్లేట్‌లెట్లు పెంచడానికీ ఇదే మందు వాడతారని పక్కన రాసుకోండి.

పశువుల గడి చిన్నది. పాలు, మాంసంలో అవశేషాల భయం వల్ల ఈ మందుల వాడకం అరుదు. దేశవాళీ ఎద్దుల్లో వచ్చే కొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ తర్వాత విన్‌క్రిస్టిన్ ఇచ్చిన అనుభవం మన దేశంలో ఉంది. మన జిల్లాలో గొర్రెల మందలు, గేదెలే ఎక్కువ కాబట్టి ఆచరణలో ముఖ్యం డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్: నెలలు నిండిన పశువుకి ఇస్తే ముందే ఈనేస్తుంది, స్టెరాయిడ్ మోతాదు ఎక్కువగా ఉన్నప్పుడు లైవ్ టీకా వేయకూడదు.

చరిత్ర కొంచెం చదివితే యాంటీమెటబోలైట్లు (కణం పెరగడానికి కావాల్సిన పదార్థాల దారిని అడ్డుకునే మందులు) తేలికవుతాయి. మెథోట్రెక్సేట్ ఫోలేట్ (ఒక బి విటమిన్) దారిని అడ్డుకుంటుంది. ఆ కుటుంబంలో అమినోప్టెరిన్‌ని తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాలో (రక్త క్యాన్సర్) దాన్ని వాడి 1948లో ఫలితాలు ప్రచురించారు. అజాథయోప్రిన్ వెనక ఉన్న హిచింగ్స్, ఎలియన్‌లకు 1988లో నోబెల్ వచ్చింది.

ఇక లెక్కలు. డోసు శరీర ఉపరితలం లెక్కన, అంటే చదరపు మీటర్లలో అడిగితే, కుక్క బరువును గ్రాముల్లో తీసుకుని దాని 2/3వ ఘాతాన్ని 10.1తో గుణించి 10,000తో భాగించాలి. 10 కిలోల కుక్కకి సుమారు 0.47 చ.మీ. వస్తుంది. డాక్సోరుబిసిన్ 30 మి.గ్రా./చ.మీ. అంటే సుమారు 14 మి.గ్రా. కానీ చిన్న కుక్కల్లో ఈ పద్ధతి డోసును పెంచేస్తుంది కాబట్టి కిలోకు 1 మి.గ్రా. లెక్కన ఇస్తారు, అంటే 10 మి.గ్రా. ఆప్షన్లలో 14, 10 రెండూ ఉంటే ప్రశ్నలో కుక్క బరువు మరోసారి చూసి గుర్తు పెట్టండి.